క్యాంపు అంటే వేసి లేచిపోయేది కాదు



ఇది పొడుగు పోస్టు. కొంచెం కారంగా కూడా ఉంటుంది. చదివాక కోపం వస్తే ఫోన్ చేసి తిట్టండి, పడతాను. చదవకుండా మాత్రం తిట్టకండి.

మొన్న కార్యవర్గం వారు గ్రూపులో పెట్టిన ప్రణాళిక చూశాను. ఈ ఏడు కూడా కార్తీక వనభోజనాల రోజున పొద్దున ఉచిత మెగా ఆరోగ్య అవగాహన శిబిరం. అదే సాయంత్రం రాయచూరులో హోటల్ హాల్లో మన డాక్టర్లకి సీఎంఈ, అంటే నిరంతర వైద్య విద్య సదస్సు. హాలు అద్దె, భోజనాలు ఒక మందుల కంపెనీ చూసుకుంటుందని కూడా రాశారు, అదేదో మనకి మిగిలిన డబ్బులాగా. దాని కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఈ రెండూ ఈ పద్ధతిలో వద్దని అడగడానికే ఈ పోస్టు.

గత ఆరేడు క్యాంపుల్లో రిజిస్టరు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసింది నేనే. కాబట్టి ఇది గట్టు మీద నిలబడి రాళ్ళు వేసేవాడి మాట అనుకోవద్దు. తప్పులో నా వాటా ఉంది. అదే ముందు చెబుతాను.

మా బాబాయి సంగతి మీలో చాలామందికి తెలుసు. మూడేళ్ళ కిందట వనభోజనాల్లో, ఉసిరి చెట్టు దగ్గర పూజ అయ్యాక, ఆయన కూడా క్యాంపు వరసలో నిలబడ్డాడు. నర్సమ్మ మిషను చూసి అంకె చెప్పింది, నేను చీటీ మీద రాశాను: 188/112. డాక్టరు గారి బల్ల చుట్టూ జనం. ఆయన చీటీ చూసి, "బీపీ ఎక్కువుందండీ, ఉప్పు తగ్గించండి, ఒకసారి చూపించుకోండి" అన్నారు. తర్వాతి మనిషి కూర్చున్నాడు. బాబాయి చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పులిహోర, బూరెలు తిని, ట్రాక్టరు ఎక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

మరుసటి శ్రావణంలో, నాట్ల రోజుల్లో, గట్టు మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుడి పక్కకి ఒరిగిపోయాడు. ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ, తర్వాత సింధనూరు, అక్కణ్ణుంచి రాయచూరు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, మాట దక్కలేదు.

ఆసుపత్రిలో ఉండగా పిన్ని ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ ఒక క్యారీబ్యాగులో వేసి తెచ్చింది, డాక్టర్లకి ఏదైనా పనికొస్తుందేమో చూడరా అని. అందులో ఆ చీటీ ఉంది. పైన మన సంఘం గుర్తు, కింద దాత గారి పేరు, మధ్యలో నా దస్తూరీతో 188/112.

ఆ అంకె నాకు తెలుసు. డాక్టరు గారికి తెలుసు. బాబాయికి తెలుసు. తొమ్మిది నెలలు ముగ్గురికీ తెలిసే ఉంది. మరి ఎవరికి లేదండీ అవగాహన?

మనం ప్రతి ఏడూ స్టేజి ఎక్కి ప్రజల్లో అవగాహన లేదు అంటాం. అది చాలా సుఖమైన మాట. తప్పు జనం మీదికి నెట్టేసి మనం దండ వేయించుకోవచ్చు. బీపీ వస్తే ప్రమాదమని మన క్యాంపుల్లో తెలియనివాళ్ళు ఎవరు? షుగరుకి తీపి తినకూడదని చంటిపిల్లాడు కూడా చెబుతాడు. లేనిది తెలివి కాదు. వచ్చే నెల పదో తారీఖున "బాబాయ్, మాత్ర వేసుకుంటున్నావా, మళ్ళీ బీపీ చూపించుకున్నావా" అని అడిగే మనిషి లేడు. ఆ మనిషిని పెట్టకుండా మనం ఫ్లెక్సీలు పెట్టాం.

మన క్యాంపు రిజిస్టరులో గళ్ళు ఏమున్నాయో ఎప్పుడైనా చూశారా? క్రమ సంఖ్య, పేరు, వయసు, ఊరు, బీపీ, షుగరు, సంతకం. "మళ్ళీ ఎప్పుడు" అన్న గడి లేదు. ఫోన్ నంబరు గడి కూడా లేదు. సంతకం గడి మాత్రం ఉంది. ఎందుకు? ఇంతమందికి సేవ చేశామని వార్షిక నివేదికలో లెక్క చూపించడానికి. ఆ రిజిస్టరు రోగి కోసం పెట్టింది కాదు, మన కోసం పెట్టుకున్నది.

నేను ముప్పై ఏళ్ళు ఎరువులు, పురుగుమందుల షాపు నడిపాను. మీలో సగంమంది నా ఖాతా పుస్తకంలో ఉన్నవాళ్ళే. ఖాతా ఎలా రాస్తామో మీకు చెప్పాలా? రైతు పేరు, వాళ్ళ నాన్న పేరు, క్యాంపు, ఎకరాలు, ఫోను, హామీ ఎవరు, పంట ఎప్పుడు చేతికొస్తుంది. ధాన్యం బస్తాలు మిల్లు చేరిన రోజే ఫోను చేసేవాణ్ణి. ఒక్క యూరియా బస్తా బాకీ నేను మర్చిపోలేదు. డబ్బు బాకీ ఉన్నవాణ్ణి పండగ నాడు కూడా వెతికి పట్టుకున్న నేను, 188/112 ఉన్న సొంత బాబాయిని తొమ్మిది నెలలు వెతకలేదు. ఎందుకంటే అది ఖాతా కాదు, చీటీ.

ఇప్పుడు వైద్యం సంగతి. నేను డాక్టర్ని కాదు, కానీ బాబాయికి అలా అయ్యాక అడిగి, చదివి తెలుసుకున్నాను. ఎండలో నడిచొచ్చి, వరసలో నెట్టుకుని, మైకు హోరులో కూర్చున్నవాడి బీపీ ఒక్కసారి చూసి జబ్బుందని తేల్చడం కూడా తప్పే. ఐదు నిమిషాలు కదలకుండా, వీపుకి ఆనుకుని కూర్చోబెట్టాలి. ఒకటికి రెండుసార్లు చూడాలి. 140/90 దాటితే ఇంకో రోజు మళ్ళీ చూడాలి. 180 దాటినవాణ్ణి అక్కడే కూర్చోబెట్టి మళ్ళీ చూసి, మందు ఎవరు మొదలుపెడతారో, ఎప్పుడు మళ్ళీ రావాలో తేల్చకుండా భోజనానికి పంపకూడదు. అంటే మన క్యాంపు రెండు వైపులా తప్పు చేస్తోంది. జబ్బు లేనివాణ్ణి భయపెడుతోంది, ఉన్నవాణ్ణి వదిలేస్తోంది.

దేశంలో ఎంతమందికి ఉందో చూడండి. ఐసీఎంఆర్ వాళ్ళ ఇండియాబ్ సర్వే 2023లో వచ్చింది. షుగరు ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల 10 లక్షలు. పెద్దవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళు నూటికి 35 మంది. మన వనభోజనాలకి వచ్చే ప్రతి ముగ్గురు పెద్దవాళ్ళలో ఒకరన్నమాట. ఇంతమందిని ఏడాదికి ఒక పూట చూసి ఏం ఉద్ధరిస్తాం?

దీనికి దారి లేదా అంటే ఉంది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు కూడా. 2017 నవంబరులో బీపీ అదుపు కోసం కేంద్రం, ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. మొదట తీసుకున్న ఐదు రాష్ట్రాల్లో మన చుట్టాలున్న తెలంగాణ ఒకటి. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఏ మందు ముందు, అది చాలకపోతే ఏది తర్వాత అన్నది అందరు డాక్టర్లకీ ఒకే కాగితం. ఆ మందులు అయిపోకుండా నిల్వ. ప్రతి రోగికీ ఒక కార్డు. మందు ఇంటి దగ్గర్లోని ఉపకేంద్రంలోనే. నెల దాటినా రానివాడికి ఫోను. అంతే. ఈ పనికి 2022లో ఐక్యరాజ్య సమితి అవార్డు కూడా వచ్చింది. ఫోను చేయడానికి అవార్డు ఇచ్చారండీ. మనం ఫోటో తీయడానికి శాలువా ఇస్తున్నాం.

2024 ఆగస్టు 10 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. వారం రోజులు మనలో ఎవరికీ నిద్ర లేదు. నిపుణులొచ్చి, పారే నీళ్ళలోనే అడ్డు పలకలు దించినప్పుడు పండగ చేసుకున్నాం. మంచిదే. కానీ గొలుసు ఎలా ఉందో నెలనెలా చూసేవాడికి ఎవరైనా దండ వేస్తారా? ఆ పని ఫోటోలో పడదు. బీపీ మాత్ర కూడా అంతే. తెగకుండా ఆపినవాడి పేరు ఎవరికీ తెలియదు. తెగాక ఆపరేషన్ చేసిన పెద్ద ఆసుపత్రి పేరు ఊరంతా చెప్పుకుంటాం.

ఇక సీఎంఈ సంగతి. ఇక్కడ మన డాక్టర్లు నా మీద కోప్పడతారని తెలుసు. వాళ్ళలో నేను ఎత్తుకుని తిప్పినవాళ్ళు కూడా ఉన్నారు. అయినా చెప్పాలి.

డాక్టరు చదువు డిగ్రీతో ఆగకూడదని నియమం ఉంది. 2002 నాటి వైద్య నైతిక నియమావళిలోనే ఐదేళ్ళకి కనీసం 30 గంటలు ఇలాంటి చదువుకి కూర్చోవాలని రాశారు. చాలా మంచి నియమం. ట్రాక్టరుకే సర్వీసింగు ఉన్నప్పుడు, మన ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాళ్ళకి ఉండొద్దా? గొడవ నియమంతో కాదు. ఆ 30 గంటల్లో ఏం చెబుతున్నారు, ఎవరి డబ్బుతో చెబుతున్నారు అన్నదే గొడవ.

నాకు డీలర్ మీట్ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. కంపెనీ పిలిచేది. మంచి హోటలు, మంచి భోజనం. తెర మీద ఒక సైంటిస్టు గారు వచ్చి కాండం తొలిచే పురుగు గురించి అరగంట చెప్పేవారు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఉండేది కాదు. కానీ ఆ పురుగుకి ఆయన చెప్పే మందు ఎప్పుడూ ఆ కంపెనీదే అయ్యేది. తిరిగొచ్చాక మేమేమీ అమ్ముడుపోయినవాళ్ళం అనుకునేవాళ్ళం కాదు. అయినా రైతు వచ్చి "ఏ మందు కొట్టమంటావు" అని అడిగితే నా చెయ్యి తెలియకుండానే ఆ అర వైపు వెళ్ళేది. తిన్న ఉప్పు పని చేస్తుంది. నాకు పనిచేసింది, డాక్టరుకి పనిచేయదా?

ఇది నా అనుమానం మాత్రమే అయితే వదిలేద్దును. డాక్టర్లు మందుల కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే నియమావళిలో చేర్చారు. 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి కానుకల ఖర్చుని కంపెనీలు వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడం కుదరదని చెప్పింది. ఎందుకంటే ఆ ఖర్చు చివరికి మందు ధరలోనే కలుస్తుంది. కట్టేది రోగి. 2024 మార్చిలో కేంద్రం మందుల అమ్మకాల మీద కొత్త కోడ్ తెచ్చింది. సదస్సుల ఖర్చు వివరాలు కంపెనీలు బయటపెట్టాలని అందులో ఉంది. ఇన్ని జరిగాక మన సంఘం కార్డు మీద కంపెనీ పేరు వేసుకుని భోజనం పెట్టించుకోవడం మనకి గౌరవమా? వంద మంది డాక్టర్లకి ఒక పూట అన్నం పెట్టలేనంత పేదవాళ్ళమా మనం? కల్యాణ మండపానికి పాలరాయి వేయించినవాళ్ళం కదా!

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఏం చెబుతున్నారు? పోయినసారి అంశం షుగరుకి వచ్చిన ఖరీదైన కొత్త ఇంజెక్షను. అది తెలుసుకోవడం తప్పు కాదు. కానీ మన మడిలో దిగే మనిషి దేనితో చస్తున్నాడు? పాముతో.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల్లో, ఎక్కువ వానాకాలంలో. అంటే మన నాట్ల రోజుల్లో, మన పొలాల లాంటి చోట. 2024లో కర్ణాటక ప్రభుత్వం పాముకాటు కేసులు ప్రతి ఆసుపత్రీ తప్పనిసరిగా తెలియజేయాలని ఆదేశించింది. ప్రభుత్వం లెక్కలోకి తీసుకుంది. మన సీఎంఈ ఇంకా తీసుకోలేదు.

ఇందులో డాక్టరు మళ్ళీ మళ్ళీ నేర్చుకోవాల్సినది చాలా ఉంది. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారి కడుపునొప్పి అంటూ వస్తాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి. గ్యాసు అనుకుని ఇంజెక్షను వేసి పంపితే మధ్యాహ్నానికి ఊపిరి ఆగుతుంది. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టదు. అది తెలుసుకోవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తే చాలు. గొట్టం ప్లాస్టిక్‌ది అయితే లెక్క తప్పుతుంది. విషానికి విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కానీ అది వేస్తే రియాక్షను వస్తుందేమో, నా మీదికొస్తుందేమో అని భయపడి, మొదటి డోసు కూడా వేయకుండా "రాయచూరు తీసుకెళ్ళండి" అని రాసిచ్చే డాక్టరు ఉంటాడు. రియాక్షను వస్తే పక్కన అడ్రినలిన్ పెట్టుకుని ఎలా ఎదుర్కోవాలో అతనికి చేత్తో చేయించి ఎవరూ చూపించలేదు. ఆ కుర్ర డాక్టరుది పిరికితనం అనను. అతని 30 గంటలు ఎవరో వేరే దానికి వాడేశారు.

ఇంకోటి, పురుగుమందు తాగిన కేసు. అమ్మినవాణ్ణి కాబట్టి ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. ఏ డబ్బా తాగాడో తెలిస్తే డాక్టరుకి సగం పని అవుతుంది. డబ్బా పట్టుకురమ్మని రైతుకి మనం చెప్పలేదు. డబ్బా మీద పేరు చూసి ఏ రకం విషమో పోల్చుకోవడం మీద ఒక్క సదస్సు పెట్టలేదు. నాలాంటి షాపువాళ్ళు నలుగురిని పిలిచి డాక్టర్ల ఎదురుగా కూర్చోబెడితే ఒక్క పూటలో అయిపోయే పని ఇది.

పైగా సీఎంఈ అంటే డాక్టర్లకే. బీపీ చూసేది నర్సమ్మ. ఇంటింటికీ తిరిగేది ఆశా కార్యకర్త. వాళ్ళని ఎప్పుడైనా పిలిచామా? పిలిచాం. డాక్టర్లకి బొకేలు అందించడానికి.

ఇక్కడ ఇంకో కారం మాట. మన క్యాంపు మనవాళ్ళకి అంటాం. మన మడిలో మోకాలు లోతు నీళ్ళలో దిగేది ఎవరు? ఎక్కువగా మనవాళ్ళు కాదు. తండాల నుంచి, పక్క కన్నడ ఊళ్ళ నుంచి వచ్చే కూలీలు. పాము కరిచేది వాళ్ళని. మందు కొట్టేటప్పుడు పీల్చేది వాళ్ళు. వాళ్ళు మన షామియానా బయట నిలబడి చూస్తుంటారు. మన ఆడవాళ్ళ సంగతైనా బాగుందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 48 మందికి రక్తహీనత. అంతకు ముందు సర్వే కంటే పెరిగింది, తగ్గలేదు. మన క్యాంపు పొద్దున పదికి మొదలై రెండుకి ముగుస్తుంది. ఆ టైములో ఆడవాళ్ళు వంటల దగ్గర ఉంటారు. వడ్డించి, తిని, చేతులు కడుక్కుని వచ్చేసరికి నర్సమ్మ మిషను సర్దేస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు నాకు తెలుసు.

"ఎంతో కొంత మంచి జరుగుతోంది కదా, ఆపేస్తే అదీ పోతుంది" అంటారు. జరుగుతోందో లేదో చూపించండి. పోయిన ఏడు క్యాంపులో బీపీ ఎక్కువని రాసినవాళ్ళలో ఈ రోజు మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఎంతమంది? కార్యవర్గంలో ఒక్కరు జవాబు చెప్పగలిగితే ఈ పోస్టు తీసేస్తాను.

"డాక్టర్లు ఉచితంగా వస్తున్నారు, వాళ్ళని నొప్పించకూడదు" అంటారు. నిజమే. అందుకే వాళ్ళ ఆదివారాన్ని మనం వృథా చేయకూడదు. పూటకి రెండు వందల మందిని చూడమనడం గౌరవం కాదు. ఇరవై మందిని ఏడాది పొడుగునా చూడమనడం గౌరవం.

"ఇది ప్రభుత్వం పని" అంటారు. ఒప్పుకుంటాను. 371జె వచ్చినా మన ప్రాంతం ఇంకా వెనకే ఉంది. 2018లో కేంద్రం వెనకబడ్డ జిల్లాల పథకం పెడితే కర్ణాటక నుంచి అందులో ఉన్నవి రాయచూరు, యాదగిరి రెండే. 2022 వేసవిలో రాయచూరు నగరంలో కుళాయి నీళ్ళు తాగి జనం ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నీళ్ళు కాచి తాగమని మనం కరపత్రాలు పంచాం. ట్యాంకు ఎప్పుడు కడిగారని, నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేశారని అడుగుతూ ఒక్క అర్జీ పెట్టలేదు. అవగాహన జనానికి చెప్పడం సులువు, అధికారిని అడగడం కష్టం. ఎయిమ్స్ కోసం 2022 మే నుంచి రాయచూరులో ధర్నాకి కూర్చున్నవాళ్ళకి నా దండం. అది రావాలి. కానీ ఎయిమ్స్ రేపే వచ్చినా 188/112 చీటీని జేబులోంచి తీయించేది ఎయిమ్స్ కాదు. దానికి మనిషి కావాలి. ఆ మాత్ర ఖర్చు నెలకి ఒక సినిమా టికెట్టు అంత కూడా ఉండదు.

కాబట్టి సర్వసభ్య సమావేశంలో నేను ఈ ఐదు పెడుతున్నాను.

ఒకటి. ఈ ఏడు మెగా క్యాంపు వద్దు. ఆ షామియానా, ఫ్లెక్సీ, శాలువాల డబ్బుతో ప్రతి క్యాంపులో రామాలయం దగ్గర ఒక మంచి బీపీ మిషను పెడదాం. చదువుకున్న ఆడపిల్లలు ఇద్దరికి చూడటం నేర్పిద్దాం. వారానికి ఒక సాయంత్రం, పొలం పనులు అయ్యాక.

రెండు. చీటీలు బంద్. ఖాతా పుస్తకం పెడదాం. ఫోను, ఇంట్లో ఇంకొకరి ఫోను, మళ్ళీ రావాల్సిన తేదీ. రానివాడికి ఫోను. రోగి ఒప్పుకుంటేనే పేరు, ఆ పుస్తకం ఆ ఇద్దరు పిల్లలు, డాక్టరు తప్ప ఇంకెవరూ చూడకూడదు. మందు రాసేది డాక్టరే, మనం కాదు. పేరు ఎక్కినవాళ్ళని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో కలిపే బాధ్యత మనది.

మూడు. సీఎంఈ మన ఖర్చుతో. అంశాలు మనం అడిగినవి: పాముకాటు, పురుగుమందు, బీపీ, గర్భిణుల రక్తహీనత. చెప్పేవాళ్ళని రిమ్స్ నుంచి పిలుద్దాం. నర్సమ్మలు, ఆశాలు ముందు వరసలో కూర్చుంటారు. కంపెనీ బ్యానరు గుమ్మం దాటకూడదు.

నాలుగు. ఈ మిషను దగ్గర కులం అడగకూడదు. మన మడిలో దిగినవాళ్ళందరూ మనవాళ్ళే.

ఐదు. వచ్చే వార్షిక నివేదికలో "ఇంతమందికి పరీక్షలు చేశాం" అన్న వాక్యం ఉండకూడదు. "బీపీ ఉన్న ఇంతమందిలో ఇంతమందికి అదుపులో ఉంది" అని ఉండాలి. అంకె చిన్నదైనా సరే, సిగ్గుపడేటట్టున్నా సరే.

ఎవరు చేస్తారు అని అడుగుతారు. మా క్యాంపు ఖాతా పుస్తకం నేను రాస్తాను. ఫోన్లు నేను చేస్తాను. బాకీలు వసూలు చేసిన నోరు ఇది, ఊరుకోదు.

చివరగా ఒక మాట. బెంగుళూరులో క్యాంపు అంటే డేరా. మనకి ఊరు. 1953లో తుంగభద్ర నీళ్ళు కాలువల్లోకి వచ్చాక, కోస్తాలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుని వచ్చిన మన తాతలు ఈ రేగడి నేలలో పాకలు వేసుకుని వాటిని క్యాంపులన్నారు. పాములున్నాయి, మలేరియా ఉంది, భాష రాదు. అయినా లేచిపోలేదు. 70 ఏళ్ళు దాటినా ఆ క్యాంపులు ఇక్కడే ఉన్నాయి. మనం వేసే క్యాంపు మాత్రం మధ్యాహ్నం రెండింటికి లేచిపోతోంది.

బాబాయి ఇప్పుడు రోజూ పొద్దున మాత్ర వేసుకుంటున్నాడు. పిన్ని ఎడమ అరచేతిలో పెడుతుంది, ఆయన నోట్లో వేసుకుంటాడు. నేను వెళితే నా వైపు చూసి ఏదో అనబోతాడు, రాదు. ఆ చీటీ నా దగ్గరే ఉంది. సమావేశానికి తెస్తాను. చూడాలనుకున్నవాళ్ళు చూడొచ్చు.

ఆదివారం పది గంటలకి, మన సంఘ భవనం. తప్పకుండా రండి.